షామీనా, మైక్రోఫైబరా, పాత లుంగీయా: కారు తుడవడానికి ఏది మేలు?

కారు కడిగాక దేనితో తుడవాలని అడిగేవాళ్లలో నల్ల కార్లవాళ్లే ఎక్కువ. రాత్రిపూట బానెట్ మీద ఫోన్ టార్చి వేస్తే వెలుగు చుట్టూ సాలెగూడులా సన్నని గీతలు తేలుతాయి కదా, ఆ బాధ. తెల్ల కార్లకీ అవి ఉంటాయి, కంటికి ఆనవంతే.

ఆ గీతలు పెట్టేది గుడ్డకీ పెయింటుకీ మధ్య ఇరుక్కున్న ఇసుక. రంగుని కాపాడే క్లియర్ కోటు మందం మామూలుగా 40 నుంచి 50 మైక్రాన్లు, తల వెంట్రుక కంటే పలచన. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ ఇనుప మేకు కన్నా గట్టిది. కళింగపట్నం బీచికి వెళ్లొచ్చిన బండికైనా, టెక్కలి రోడ్డులో గ్రానైట్ లారీల వెనకాల వచ్చిన బండికైనా ఒంటినిండా ఇలాంటి గట్టి రేణువులే. కాబట్టి గుడ్డ మెత్తదనం తర్వాత. రేణువు తగిలితే దాన్ని ఎక్కడ దాచుకుంటుందన్నదే ముందు చూడాలి.

డబ్బాలో వచ్చే షామీ, అంటే తోలులా ఉండే గుడ్డ, నీళ్లు బాగా పీలుస్తుంది. పిండితే మళ్లీ సిద్ధం. కానీ దాని ఒళ్లు నున్నగా, చదునుగా ఉంటుంది. రేణువు దిగడానికి చోటే లేదు, లాగినంత మేరా గీత పడుతుంది. పైగా తడి షామీ పెయింటుకి అతుక్కుంటుంది, మనకి తెలీకుండానే గట్టిగా లాగుతాం. అద్దాల వరకు వాడుకోండి, అక్కడ దానికి తిరుగులేదు.

మైక్రోఫైబర్ తువ్వాలుకి నూగు ఉంటుంది. పొరపాటున ఒకటీ అరా రేణువు మిగిలినా ఆ నూగులోకి దిగుతుంది, పెయింటు మీద రుద్దుకోదు. నా ఓటు దీనికే. అయితే వంటింట్లో గట్టు తుడిచే పలచటిది పనికిరాదు. 500 జీఎస్ఎం (చదరపు మీటరుకి 500 గ్రాముల బరువు) పైన ఉన్న పెద్ద తువ్వాలు తీసుకుని, అంచున కుట్టిన లేబుల్ కత్తిరించండి. బానెట్ మీద పరిచి, రెండు కొసలు పట్టుకుని, బరువు వెయ్యకుండా మెల్లగా మీ వైపు లాగండి. గుండ్రంగా తిప్పి రుద్దొద్దు.

పాత లుంగీ, బనీను వద్దు. పొందూరు ఖద్దరు ఒంటికి ఎంత హాయైనా, కారుకి అదీ చదును నేతే. నీళ్లు తోసే రబ్బరు వైపర్ అద్దాలకే. బ్లోయర్ ఉంటే మంచిదే, అద్దాల సందుల్లో, డోర్ హ్యాండిళ్ల వెనక దాగిన నీళ్లు బయటికొస్తాయి.

దేనితో తుడిచినా ముందు కడగడం సరిగ్గా ఉండాలి. అపార్టుమెంట్లలో ఒకే బకెట్టు, ఒకే గుడ్డతో పది కార్లు తుడిచే పద్ధతి ఉంది. పదో కారు సంగతి చెప్పక్కర్లేదు. రెండు బకెట్లు పెట్టండి, ఒకదాంట్లో షాంపూ, రెండోదాంట్లో మంచినీళ్లు. ముందు పైపుతో మట్టి వదిలేదాకా నీళ్లు కొట్టాలి. తర్వాత మైక్రోఫైబర్ గ్లవ్‌తో పైకప్పు నుంచి కిందికి రండి. ఒక్కో డోరు అయ్యాక గ్లవ్‌ని మంచినీళ్లలో జాడించి, అప్పుడే షాంపూలో ముంచండి. డోర్ల కింది సగం ఆఖర్న. చక్రాలకి వేరే గుడ్డ. అంతా అయ్యాక మంచినీళ్ల బకెట్టు అడుగున వేలు పెట్టి చూడండి, గరగరలాడుతుంది. ఒకే బకెట్టు అయితే అదంతా మళ్లీ బానెట్ మీదికే.

ఆరబెట్టి వదిలేస్తే చాలదా అంటే, మన బోరు నీళ్లకి కుదరదు. చుక్క ఆరినచోట సున్నపు మరక మిగులుతుంది, ఎండలో అయితే మరీ గట్టిపడుతుంది. పొద్దున్నే నీడలో కడగండి. చివర్లో పైపుకి నాజిల్ తీసేసి, పైకప్పు మీద నీళ్లు మెల్లగా పారనివ్వండి. వ్యాక్సు ఉన్న కారైతే నీరు రేకులా జారిపోయి చుక్కలు కొన్నే మిగులుతాయి, తువ్వాలుకి పని తగ్గుతుంది.

తువ్వాలుని నూలు బట్టలతో కలిపి ఉతకొద్దు, నూలు పోగులు నూగులో ఇరుక్కుంటాయి. బట్టలు మెత్తబడ్డానికి వేసే లిక్విడ్ వేస్తే నీళ్లు పీల్చడం మానేస్తుంది. పని మధ్యలో నేల మీద పడిందా, దులిపి మళ్లీ వాడొద్దు. ఆ రోజుకి అది చక్రాలకే.