సెప్టిక్ ట్యాంకు: నిండాక తోడించాలా, పొడి వేయాలా, గడువు పెట్టుకోవాలా?

2007లో 12 మున్సిపాలిటీలనూ 8 గ్రామ పంచాయతీలనూ పాత నగరపాలక సంస్థలో కలిపి జీహెచ్‌ఎంసీని ఏర్పాటు చేసినప్పుడు హైదరాబాద్ అనే చిరునామా శివార్ల దాకా వచ్చింది కాని, భూగర్భ డ్రైనేజీ అంత వేగంగా రాలేదు. ఇప్పటికీ అనేక శివారు కాలనీల్లో ఇంటి మురుగు పార్కింగు టైల్స్ కింద ఉన్న సెప్టిక్ ట్యాంకులోకే పోతుంది. ఆ ట్యాంకు విషయంలో యజమానులు సాధారణంగా మూడు దారుల్లో ఒకటి ఎంచుకుంటారు: నిండి పొంగినప్పుడు ట్యాంకరును పిలవడం, మధ్యమధ్య బ్యాక్టీరియా పొడి వేసి నెట్టుకురావడం, లేదా రెండు మూడేళ్లకు ఒకసారి గడువు ప్రకారం తోడించడం. బోడుప్పల్ వైపు 2011లో ఇల్లు కట్టుకున్న నేను ఈ మూడింటినీ ఇదే వరుసలో చేసి చూశాను. మూడోదే మేలని నా నిశ్చితాభిప్రాయం. మొదటి రెండూ ఎందుకు తప్పో తెలియాలంటే ట్యాంకు లోపల జరిగే పని కొంత తెలియాలి.

ట్యాంకులోకి వచ్చిన మురుగు అక్కడ ఒకటి రెండు రోజులు నిలవాలి. ఆ వ్యవధిలో బరువైనది అడుక్కి దిగి మడ్డిగా పేరుకుంటుంది, నూనె, జిడ్డు పైకి తేలి తెట్టు కడతాయి, మధ్యనున్న నీరు మాత్రమే బయటి పైపు గుండా ఇంకుడు గుంతలోకి వెళుతుంది. గాలి చొరని ఆ చీకట్లో బ్యాక్టీరియా మడ్డిని కొంతవరకు జీర్ణం చేసుకుంటుంది కాని పూర్తిగా కాదు. మిగిలినది ఏటేటా పెరుగుతూనే ఉంటుంది. అందుచేత ట్యాంకులో నీరు పైదాకా ఉండడాన్ని చూసి నిండిందనుకోవడం పొరపాటు. అది కట్టిన కొద్ది వారాలకే నీటితో నిండుతుంది, అలాగే ఉండాలి కూడా. చూడవలసినది మడ్డి ఎంత ఎత్తుకు వచ్చిందన్నదే.

లెక్క కష్టమేమీ కాదు. మనిషికి ఏడాదికి సుమారు 40 లీటర్ల మడ్డి చేరుతుందని ఇంజనీర్లు డిజైన్‌లో అంచనా వేసుకుంటారు. 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల నీటి లోతు ఉన్న ట్యాంకులో దాదాపు 2,700 లీటర్లు పడతాయి. అందులో మూడో వంతు, అంటే 900 లీటర్లు, మడ్డీ తెట్టూ ఆక్రమించేలోపు తోడించాలి. ఆరుగురున్న ఇంట్లో ఏడాదికి 240 లీటర్ల చొప్పున మూడేళ్లకు 720 అవుతుంది, నాలుగో ఏడు నిండేసరికి హద్దు దాటుతుంది. అదే ఇంట్లో పై అంతస్తును కిరాయికి ఇచ్చి మొత్తం పదిమంది ఉంటే రెండేళ్లకే 800 లీటర్లు చేరుతుంది. రెండు మూడేళ్లకు ఒకసారి తోడించాలని చెప్పే మాటకు ఆధారం ఇదే. ఇల్లు కట్టినప్పుడు నలుగురున్నారని వేసుకున్న గడువు, కిరాయిదారులు దిగిన తరువాత కూడా చెల్లుతుందని అనుకోకూడదు.

ఇక మొదటి దారి. మా ఇల్లు కట్టిన మేస్త్రీని ట్యాంకు ఎప్పుడు తోడించాలని అడిగితే, "నిండితే అదే చెప్తది సార్" అన్నాడు. ఆయన మాట నమ్మి ఐదేళ్లు ఊరుకున్నాను. అది చెప్పింది ఒక శ్రావణ శుక్రవారం నాడు, ఇల్లంతా బంధువులు ఉన్నప్పుడు. బాత్రూం జాలీలోంచి మురుగు పైకి తన్నింది. గోడ మీద రాసి ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే ట్యాంకరు రెండు గంటల్లో వచ్చింది, అడిగినంత ఇచ్చాను, అంతటితో అయిపోయిందనుకున్నాను. నెల తిరగకుండానే మళ్లీ నీరు ఆగింది. చెడిపోయినది అప్పటికి ట్యాంకు కాదు, ఇంకుడు గుంత. హద్దు దాటిన మడ్డి నీటితో పాటు గుంతలోకి కొట్టుకుపోయి మట్టి రంధ్రాలను పూడ్చేసింది. హైదరాబాద్‌లో చాలాచోట్ల కొద్ది అడుగుల కిందే రాయి తగులుతుంది కనుక నీరు ఇంకడమే నెమ్మది. అటువంటి నేలలో పూడిన గుంతను మళ్లీ తవ్వించడానికి నాకైన ఖర్చుతో నాలుగైదుసార్లు ట్యాంకు తోడించుకుని ఉండవచ్చు. నిండాక పిలవడం చౌక అనిపించడానికి కారణం, ఆ ఖర్చును ఎవరూ ట్యాంకు పద్దులో రాసుకోకపోవడమే.

రెండో దారి పొడి. కమోడ్‌లో వేసి ఫ్లష్ చేస్తే ట్యాంకు ఏళ్ల తరబడి తోడించనవసరం లేదని చెప్పి అమ్మే పొట్లాలను ఏడాదిపాటు వాడాను. మనిషి మలంలోనే కావలసినంత బ్యాక్టీరియా ఉంటుంది కనుక బయటి నుంచి కలపడం అవసరం లేదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ కూడా చెబుతుంది. ఇసుక, వెంట్రుకలు, జీర్ణం కాని పీచు ఏ పొడికీ కరగవు. పొడి వేస్తే ట్యాంకు పాడవుతుందని నేను అనడం లేదు. అది తోడించడానికి బదులు కాదంటున్నాను. పొడికి పెట్టే డబ్బు కంటే, ఉన్న బ్యాక్టీరియాను చంపకుండా ఉండడం ఎక్కువ ఫలితమిస్తుంది. రోజూ బాత్రూంలో యాసిడ్, బ్లీచింగ్ గుమ్మరించడం మానాలి. వేపుడు నూనెను సింకులో పోయకూడదు. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు, తడి టిష్యూలు కమోడ్‌లోకి ఎంతమాత్రం వెళ్లకూడదు.

గడువు ప్రకారం తోడించడంలో ఉన్న పెద్ద లాభం, రోజును మనమే ఎంచుకోగలగడం. ఫిబ్రవరి నుంచి మే లోపు చేయించడం మంచిది. వానాకాలంలో భూగర్భజలం పైకి వచ్చినప్పుడు ట్యాంకును ఖాళీ చేస్తే చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి గోడలు పగలవచ్చు, ప్లాస్టిక్ ట్యాంకైతే పైకి లేవవచ్చు. పైగా వానాకాలంలోనే అందరి ట్యాంకులూ పొంగుతాయి, ట్యాంకర్లు దొరకవు. మేము తోడించిన తేదీని కరెంటు మీటరు పెట్టె తలుపు లోపలివైపు పెయింటుతో రాసుకుంటున్నాము. కాగితం మీద రాసినది మూడేళ్ల తరువాత ఎవరికీ కనిపించదు.

ఎవరిని పిలవాలన్నది తోడించడమంత ముఖ్యమైన ప్రశ్న. గోడ మీది నంబరు ట్యాంకరు తొందరగా వస్తుంది, బేరమాడితే తగ్గుతుంది. కాని మా ఇంటి నుంచి తీసుకెళ్లినదాన్ని ఎక్కడ పోస్తారని రెండోసారి అడిగినప్పుడు డ్రైవరు సూటిగా జవాబు చెప్పలేదు. చీకటి పడ్డాక నాలాలో వదిలే బండ్లు ఉన్నాయని తరువాత తెలిసింది. ఆ నాలా చెరువులో కలుస్తుంది, చెరువు అలుగు మూసీకి చేరుతుంది. శుద్ధి కేంద్రానికి వెళ్లవలసిన మురుగు మన డబ్బుతోనే మన చెరువుకు చేరడం నాకు భరించలేని విషయంగా తోచింది. అందుకే ఇప్పుడు నగర తాగునీరు, మురుగునీటి బోర్డు అయిన జలమండలి నంబరు 155313కు ఫోన్ చేస్తున్నాను. సెప్టిక్ ట్యాంకుల కోసం 14420 కూడా ఉంది. వాహనం రావడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు. గడువు పెట్టుకున్నవారికి ఆ ఆలస్యం ఒక లెక్క కాదు, పొంగినవారికి మాత్రం అదే కష్టం. ప్రైవేటు వాహనాన్నే పిలవవలసి వస్తే నమోదు పత్రం చూడాలి, ఏ శుద్ధి కేంద్రానికి వెళుతుందో అడగాలి, రసీదు తీసుకోవాలి.

ఏ వాహనం వచ్చినా ఒక్క విషయంలో రాజీ ఉండకూడదు. మూల గట్టిపడింది, మనిషిని దింపితే తప్ప రాదు అని ఎవరన్నా అంగీకరించకూడదు. ట్యాంకులోని హైడ్రోజన్ సల్ఫైడ్ తక్కువగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. గాఢత పెరిగితే ముక్కు ఆ వాసనను పట్టే శక్తినే కోల్పోతుంది, క్షణాల్లో మనిషి కూలిపోతాడు, కాపాడటానికి దిగిన రెండో మనిషీ అలాగే పోతాడు. రక్షణ లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మొదటి నేరానికే రెండేళ్ల వరకు జైలు లేదా 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇలాంటి మరణాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. ఎంత పరిహారం ఇచ్చినా ఆ ఇంటికి మనిషి తిరిగి రాడు. గట్టిపడిన మడ్డి మీద నీళ్లు కొట్టి, పొడవాటి కర్రతో కదిపి, పైపుతోనే మళ్లీ లాగాలి; అది తీసే పద్ధతి అదొక్కటే.

వాహనం రాకముందే మూతలు ఎక్కడున్నాయో చూసుకోవాలి. టైల్స్ వేసినప్పుడు మూత కప్పేసి గుర్తు కూడా మిగల్చని ఇళ్లు చాలా ఉన్నాయి. ట్యాంకుకు రెండు గదులు ఉంటే రెండింటినీ తెరిపించాలి, ఎందుకంటే మొదటి గదిని మాత్రమే తోడి వెళ్లిపోవడం తరచుగా జరిగే పని. అడుగున కొద్దిగా మడ్డిని వదిలేయమని చెప్పాలి, తిరిగి మొదలయ్యే జీర్ణక్రియకు అదే తోడు. ఫినాయిల్‌తో కడిగించకూడదు. మూత తెరిచి ఉన్నంతసేపు పిల్లలను దూరంగా ఉంచాలి, దగ్గరలో బీడీ గాని అగ్గిపుల్ల గాని వెలిగించకూడదు, ట్యాంకులోంచి వచ్చే మీథేన్ వాయువు అంటుకుంటుంది.

వాస్తు ప్రకారం మనవాళ్లు సంపునూ బోరునూ ఈశాన్యంలో, సెప్టిక్ ట్యాంకును వాయవ్యంలో పెడతారు. తాగునీటి బావికీ ఇంకుడు గుంతకూ మధ్య కనీసం 18 మీటర్లు ఉండాలని భారత ప్రమాణం ఐఎస్ 2470 చెబుతుంది. 30 అడుగులకు 60 అడుగుల 200 గజాల ప్లాటులో పొడవు మొత్తం కలిపినా 18 మీటర్లే. కాబట్టి బోరు నీటిని ఏడాదికొకసారి పరీక్ష చేయించడం గడువులో భాగంగానే పెట్టుకోవాలి, పక్కింటి గుంత మన బోరుకు ఎంత దూరంలో ఉందో కూడా చూసుకోవాలి.

కాలనీలో భూగర్భ డ్రైనేజీ లైను పడితే ఈ పోలికంతా మారుతుంది. అప్పుడు కనెక్షన్ తీసుకోవడమే అన్నిటికన్నా మేలు. అయితే మురుగును పాత ట్యాంకు గుండా పంపడం సరికాదు. నేరుగా లైనులో కలిపి, ట్యాంకును చివరిసారి తోడించి, అడుగు పగలగొట్టి మట్టితో పూడ్పించాలి.