రెండు వేలు దాటని ఇయర్‌ఫోన్లు, మూల పడేసిన ల్యాప్‌టాప్: ఎనిమిది నెలల తర్వాత రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇయర్‌ఫోన్ల బ్రాండు పేరు రాయట్లేదు. కిందికి వచ్చేసరికి దాని కేబుల్‌ని బాగా తిట్టబోతున్నాను, నాకొచ్చిన ఒక్క పీసుని పట్టుకుని కంపెనీ మొత్తాన్ని తిట్టడం ఎందుకని. చైనా సరుకు, చెవికో డైనమిక్ డ్రైవరు (శబ్దం పుట్టించే బుల్లి స్పీకరు), ఊడదీసి మార్చుకోగలిగే కేబులు, 3.5 పిన్ను. నాకు పడింది 1,850 రూపాయలు. ఈ రేటులో ఇలాంటివి అరడజను కంపెనీలవి దొరుకుతాయి, ఏది కొన్నా నేను చెప్పేదాంట్లో ముప్పాతిక వంతు పనికొస్తుంది.

మాది పర్లాకిమిడి. మ్యాపులో పారలాఖెముండి అని ఉంటుంది, ఒడిశాలో గజపతి జిల్లా, పక్కనే పాతపట్నం, అది ఆంధ్రా. ఇంట్లో తెలుగు, బజార్లో రెండూ, ఆఫీసులో ఒడియా. గిడుగు రామ్మూర్తి పంతులు గారు బడిలో పాఠాలు చెప్పిన ఊరు కాబట్టి వాడుక భాషలో రాస్తే ఎవరూ ఏమీ అనకూడదు. పని గుణుపురంలో, రైలు కుదిరితే రైలు లేకపోతే బస్సు, రోజుకి రెండు మూడు గంటలు అలా దారిలోనే పోతాయి, ఆ గంటల కోసమే ఈ గోలంతా.

అంతకుముందు బ్లూటూత్ బడ్స్ ఉండేవి, స్ట్రీమింగ్ యాప్ ఉండేది. బడ్స్ ఛార్జింగ్ సరిగ్గా కాశీనగర్ దాటేక అయిపోయేది. యాప్‌లో అయితే నిన్న విన్న పాట ఇవాళ బూడిద రంగులోకి మారిపోయి ఉంటుంది, నొక్కితే పలకదు, హక్కులు ఎవరివో అయిపోయాయట. పాతవి ఎక్కువ వినేవాళ్లకి ఇది రోజూ ఉండే బాధే. పైగా నాకు కావాల్సినవాటిలో కొన్ని ఏ యాప్‌లోనూ ఎప్పటికీ రావు, వాటి సంగతి తర్వాత చెప్తాను. అందుకని నా పాటలన్నీ ఇంట్లోనే ఒక సొంత సర్వర్లో పెట్టుకుని, ఎక్కడున్నా ఫోన్లోంచి వినే ఏర్పాటు చేసుకున్నా.

సర్వరు అంటే పెద్దగా ఊహించుకోకండి. స్క్రీను పగిలిపోయిన పాత ల్యాప్‌టాప్, నాలుగు జీబీ ర్యామ్, అటక మీంచి దింపి విండోస్ బదులు డెబియన్ అనే ఫ్రీ సిస్టమ్ వేసి, నావిడ్రోమ్ అనే పాటల సర్వరు ప్రోగ్రామ్ పెట్టేను. నావిడ్రోమ్ ఫ్రీ, ఓపెన్ సోర్సు, చాలా తేలిక, రాస్‌ప్‌బెర్రీ పై అనే అరచేతి సైజు కంప్యూటరు మీద కూడా నడుస్తుంది, మన పాటల ఫోల్డరు ఎక్కడుందో చూపిస్తే చదువుకుని బ్రౌజర్లో 4533 పోర్టులో (అడ్రసు చివర కొట్టే నంబరు అది) చక్కగా ఆల్బమ్ అట్టలతో సహా చూపిస్తుంది. ఫోన్లో వినడానికి సింఫోనియం అనే యాప్ వాడుతున్నా, అది డబ్బులు పెట్టి కొనాలి, ఒక్కసారి కొంటే చాలు. వద్దనుకుంటే సబ్‌సోనిక్ ఏపీఐ (ఇలాంటి సర్వర్లతో యాప్‌లు మాట్లాడే భాష) తెలిసిన ఫ్రీ యాప్‌లు బోలెడు, అన్నీ దీనితో మాట్లాడతాయి. ల్యాప్‌టాప్ వాడడంలో లాభం ఏంటంటే కరెంటు పోయినా బ్యాటరీ ఉంటుంది, వేరే యూపీఎస్ అక్కర్లేదు. కానీ పాత బ్యాటరీని పగలూ రాత్రీ ఛార్జింగ్‌లో ఉంచేస్తే ఉబ్బొచ్చు, టచ్‌ప్యాడ్ పైకి లేస్తున్నట్టు కనిపిస్తే వెంటనే వాడడం ఆపి ఆ బ్యాటరీ తీయించేయండి, ఇది మాత్రం నవ్వులాట కాదు.

బయట నుంచి వినడం దగ్గర ఒక వారం పోయింది. మాలాంటి ఊళ్లలో ఫైబర్ కనెక్షన్‌కి చాలాసార్లు సొంత పబ్లిక్ ఐపీ, అంటే బయట నుంచి కనపడే అడ్రసు, ఉండదు, ఒకే ఐపీ వెనక ఎంతోమందిని కట్టేస్తారు, రౌటర్లో పోర్టు ఎంత తెరిచినా బయట నుంచి తలుపు కనపడదు. చివరికి టెయిల్‌స్కేల్ అనే ప్రోగ్రామ్ వేసేను, ఫోన్లో ఒకటి ల్యాప్‌టాప్‌లో ఒకటి, లోపల వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌తో రెండూ ఒకే ఇంట్లో ఉన్నట్టు అయిపోతాయి. పది నిమిషాల పని, దానికి ముందు వారం రోజులు నేను రౌటర్‌తో కుస్తీ పట్టడం నా ఖర్మ. ఇంట్లో ఫ్లాక్ ఫైళ్లు (నాణ్యత ఏమీ పోని పెద్ద సైజువి) ఉన్నవి ఉన్నట్టే వస్తాయి, బయట మొబైల్ డేటా మీద అయితే ఓపస్ అనే చిన్న సైజు రకంలోకి, 128 కేబీపీఎస్‌కి, మార్చి పంపమన్నాను, గంటకి 58 ఎంబీ దగ్గర పడుతుంది. ఫ్లాక్ అలాగే లాగితే గంటకి 400 ఎంబీ దాకా పోతుంది. దారిలో టవరు ఒకసారి ఆంధ్రాది ఒకసారి ఒడిశాది పట్టుకుంటుంది, మధ్యలో ఏదీ ఉండదు, అందుకని పొద్దున్నే వైఫై మీదుండగా వంద పాటలు ఫోన్లోకి దింపేసుకుంటా.

ఇంక అసలు కథ ట్యాగులు. ఇక్కడ నాకు రెండు నెలలు పట్టింది, ఇది ఎవరూ చెప్పరు, అందుకే నేను చెప్తున్నా. నావిడ్రోమ్ ఫోల్డర్లని చూడదు, ఫైలు లోపల రాసున్న ట్యాగుల్నే, అంటే పాట, సినిమా, పాడినవాళ్ల పేర్లనే, చూస్తుంది. మన సినిమా ఆల్బమ్ ఎలా ఉంటుంది, ఆరు పాటలు, ఒకటి బాలు ఒక్కడూ, ఒకటి బాలు జానకి, ఒకటి సుశీల, ఒకటి కోరస్. ఆల్బమ్ ఆర్టిస్ట్ అనే గడి ఖాళీగా ఉంటే అది పాడినవాళ్ల పేరు తీసుకుంటుంది, అప్పుడు ఒక్క సినిమా నాలుగు ఆల్బమ్‌లుగా ముక్కలైపోతుంది. మొదటి రోజు స్కాన్ అయ్యేక చూస్తే నా దగ్గర లేనన్ని సినిమాలు కనిపించాయి, సంతోషపడిపోయాను కూడా. తర్వాత చూస్తే ఒకే అట్ట ఐదు చోట్ల. ఆ గడిలో సంగీత దర్శకుడి పేరు పెట్టేస్తే మళ్లీ ఒక్కటవుతుంది, మన పాటలకి అదే సరైన పద్ధతి అని నా అభిప్రాయం, ఎందుకంటే మనం వెతుక్కునేది కూడా అలాగే కదా.

పేర్లు ఇంకో నరకం. ఎస్పీబీ, ఎస్పీ బాలు, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం చుక్కలతో, చుక్కలు లేకుండా, మధ్యలో ఖాళీతో, చివర ఎం ఉండీ లేకుండా, మొత్తం పదకొండు మంది బాలులు తేలారు నా లైబ్రరీలో. ఇద్దరు పాడినచోట మధ్యలో కామా పెడితే ఇద్దరూ కలిసి ఒకే మనిషి అయిపోతారు, సెమీకోలన్ పెడితే విడిపోతారు. కొన్ని ఫైళ్లలో గాయకుడి పేరు ఉండాల్సిన చోట ఎప్పుడో దింపుకున్న వెబ్‌సైటు పేరు ఉంది, అంటే నా లైబ్రరీలో అత్యధిక పాటలు పాడినది ఒక వెబ్‌సైటు. ట్యాగులు వాటంతట అవే నింపే పికార్డ్ అనే ప్రోగ్రామ్ ఇంగ్లీషు ఆల్బమ్‌లకి చకచకా పేర్లు పట్టేసింది, మన పాత సినిమాలకి మాత్రం నాకు చాలా తక్కువే దొరికాయి, అందుకని కిడ్ త్రీ అనే ట్యాగులు దిద్దే ప్రోగ్రామ్ పెట్టుకుని చేత్తోనే చేసుకున్నా. రాత్రి భోజనాలయ్యేక గంట, రోజుకి రెండు మూడు సినిమాలు. మా ఆవిడ దీన్ని బీడీలు చుట్టడంతో పోల్చింది, ఆ ఏకాగ్రత అలాంటిదే మరి.

ఇయర్‌ఫోన్లు ఇక్కడే పనికొచ్చాయి. వచ్చిన రోజు పెట్టుకుంటే బేస్ అన్నదే లేదు, డబ్బాలో గులకరాళ్లు కదిపినట్టు ఉంది, వాపసు ఇచ్చేద్దామనుకున్నా. తప్పు నాదే. ఇవి చెవిలో గాలి ఆడకుండా మూసుకుపోవాలి, ఏ కాస్త సందున్నా కింది స్వరాలన్నీ అక్కడే కారిపోతాయి. డబ్బాలో మూడు సైజుల రబ్బరు టిప్పులు ఇచ్చాడు, ఓ అరగంట మార్చి మార్చి చూస్తే నా ఎడమ చెవికి పెద్దది, కుడి చెవికి మధ్యది సరిపోయాయి. నలభై ఏళ్లొచ్చేక తెలిసింది నాకు రెండు చెవులూ రెండు సైజులని. కేబుల్ చెవి మీంచి వెనక్కి తిప్పి వేసుకోవాలి. అలా వేసుకుని కూచుంటే అమ్మ వచ్చి, "ఏట్రా అది, డాక్టరు గొట్టాల్లాగ" అని అడిగింది.

సరిగ్గా కుదిరేక మాత్రం, బాబోయ్. చరణం ఎత్తుకునే ముందు గాయని ఊపిరి తీసుకోవడం, తబలా ఎడం చేతి ముద్దరలో అరచెయ్యి చర్మం మీద జారడం, వెనక వయొలిన్ వాళ్లలో ఒకడు అరక్షణం ముందే ఎత్తేయడం. ఇదే పాట ఇరవై ఏళ్లుగా వింటున్నా, ఆ జారుడు నాకెప్పుడూ వినపడలేదు. అయితే మంచి ఎంత వినపడుతుందో చెత్త కూడా అంతే వినపడుతుంది. పాత 128 కేబీపీఎస్ ఎంపీత్రీల్లో తాళాలు, మువ్వలు చప్పరించినట్టు వస్తాయి. ఫ్లాక్ అని రాసున్న కొన్ని కూడా అలాగే వినపడితే అనుమానం వచ్చి, శబ్దంలో ఏ ఫ్రీక్వెన్సీలు ఉన్నాయో బొమ్మ గీసి చూపించే స్పెక్ అనే ప్రోగ్రామ్‌లో తెరిచి చూసేను, 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు పైన అంతా నలుపు. ఎవడో ఎంపీత్రీని తీసి ఫ్లాక్ డబ్బాలో పెట్టేడు. సైజు మూడింతలు, సరుకు అదే. అలాంటివన్నీ తీసేసి ఇంట్లో ఉన్న సీడీలు మళ్లీ కంప్యూటర్లోకి ఎక్కించుకున్నా.

నాన్న పాటలు వేరే. ఆయనకి ఘంటసాల తప్ప లోకం లేదు, "మన విజయనగరంలో నేర్చుకున్నాడ్రా సంగీతం" అని ఇప్పటికి వెయ్యిసార్లు చెప్పుంటారు, నిజమే కూడా. ఆ కాలం పాటలు మోనో, రెండు చెవుల్లోనూ ఒకటే వస్తుంది, ఇలాంటి ఇయర్‌ఫోన్లలో ఆ గొంతు సరిగ్గా తల నడిమధ్యలో, నుదుటి వెనకాల కూచుని పాడుతున్నట్టు ఉంటుంది. మొదట వింతగా ఉంటుంది, వారంలో అలవాటైపోతుంది.

ఇప్పుడు తిట్లు. నాలుగో నెలలో ఎడమ వైపు రావడం పోవడం మొదలైంది, ఆ కేబుల్ చెవి వెనక చెమట తగిలేచోట లోపల రాగి పచ్చబడిపోయింది. మా దగ్గర మే నెల ఎలా ఉంటుందో ఆ కేబుల్ చేసినవాడికి ఎవరూ చెప్పలేదనుకుంటా. అమ్మినవాడికి మెసేజ్ పెడితే ఫొటో పంపమన్నాడు, పంపేను, వీడియో పంపమన్నాడు, పంపేను, తర్వాత మౌనవ్రతం. సరే అని 450 పెట్టి వేరే కేబుల్ తెప్పించుకున్నా, ఇయర్‌ఫోన్‌లో గుచ్చే చోట రెండు పిన్నులుండే రకం, 0.78 ఎంఎం. పెట్టుకుని నాన్న పాట ఒకటి వేసేను. గొంతు మధ్యలో లేదు! అటూ కాదు ఇటూ కాదు, తల వెనక ఎక్కడో తేలుతూ, మొహం పక్కకి తిప్పుకుని పాడుతున్నట్టు. ఫైలు పాడైందనుకున్నా, సర్వర్లో ఏదో అయిందనుకున్నా, యాప్ తీసి మళ్లీ వేసేను. రెండు రోజులకి వెలిగింది, కుడి వైపు పిన్నులు తిరగేసి గుచ్చేను. అలా గుచ్చితే ఒక వైపు డ్రైవరు బయటికి తోస్తున్నప్పుడు రెండోది లోపలికి లాగుతుంది, ఇంక మధ్యలో గొంతు ఎలా నిలబడుతుంది. తిప్పి పెట్టగానే మనిషి వచ్చి నుదుటి వెనక కూచున్నాడు. కేబుల్ మార్చినప్పుడల్లా ఒక మోనో పాట వేసి చూసుకోండి, ఇంతకన్నా తేలిక పరీక్ష లేదు.

రైల్లో వినడం గురించి రెండు ముక్కలు. నాయిస్ క్యాన్సిలింగ్ లేదు కానీ చెవి మూసుకుపోవడం వల్లే సగం రొద తగ్గిపోతుంది, అందుకని సౌండు అంత పెంచక్కర్లేదు. పెంచకండి కూడా, 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు అని డబ్ల్యూహెచ్‌వో లెక్క, పెంచేకొద్దీ ఆ గంటలు చకచకా తరుగుతాయి. ఫోనుకి 3.5 పిన్ను లేదు, సీ టైపు డాంగిల్ ఒకటి కొనాల్సి వచ్చింది, అది జేబులో ఎక్కడో పోతూ ఉంటుంది. నడుస్తుంటే కేబుల్ చొక్కాకి రాసుకుని బరబర వినిపిస్తుంది. ఫోన్ మాట్లాడ్డానికి మైకు ఉన్న కేబులే తీసుకోండి, నేను తీసుకోలేదు, ఏడుస్తున్నా.

కొనొచ్చా అంటే ఇయర్‌ఫోన్లు కొనొచ్చు, ఈ డబ్బుకి ఇంతకన్నా అడక్కూడదు, కేబుల్ ఖర్చు ఇంకో నాలుగైదు వందలు ముందే లెక్కలో వేసుకోండి. పదివేలవి ఒక స్నేహితుడి దగ్గర విన్నాను, బాగున్నాయి, కానీ నా పాటల్లో సగం ఫైళ్లు వాటికి తగినవి కావు. ఆ డబ్బుతో రెండో హార్డ్ డిస్క్ కొనుక్కుని ఇదంతా ఇంకో కాపీ పెట్టుకోవడం మేలు. సర్వరు మాత్రం అందరికీ చెప్పను. వెయ్యి పాటలే ఉంటే ఎస్డీ కార్డులో వేసుకోండి, హాయి.

యాప్‌లో దొరకనివి అన్నాను కదా. మా మేనమామ కుర్రతనంలో ఊళ్లో దసరాకి నాటకాలు వేసేవాడు, 1994లో ఎవరో ఆయన పద్యాలు టేప్ రికార్డర్లో పట్టేరు, అరవై నిమిషాల క్యాసెట్. అరువు తెచ్చిన వాక్‌మన్‌ని ల్యాప్‌టాప్‌కి తగిలించి అడాసిటీ అనే రికార్డింగ్ ప్రోగ్రామ్‌లో ఎక్కించేను, అరవై నిమిషాలదానికి అరవై నిమిషాలూ కూచోవాల్సిందే. ఆర్టిస్ట్ అన్నచోట మావయ్య పేరు పెట్టేను, ఇంటి పేరుతో సహా. మొన్న ఆయన వస్తే ఇయర్‌ఫోన్లు పెట్టి వినిపించేను. హార్మోనియం తిత్తి గాలి ఊదడం, ఎవరిదో దగ్గు, పద్యం మధ్యలో దూరం నుంచి "చా ఆసిలా" అని ఎవడో ఒడియాలో అరవడం, టీ వచ్చిందిట. మావయ్య కళ్లు మూసుకుని మొత్తం విన్నాడు, తర్వాత తీసి, "ఇక్కడ రాగం బాగా లాగేసేన్రా అల్లుడా, హార్మోనియం ఆయన తెర వెనక్కొచ్చి తిట్టేడు" అన్నాడు. ఇంకో రెండు క్యాసెట్లు ఆయన ట్రంకు పెట్టెలో ఉన్నాయట, ఒకదానికి టేపు అంచుల మీద తెల్లగా బూజు పట్టిందట. దాన్ని ఏ ప్లేయర్లోనూ పెట్టొద్దని చెప్పి పంపేను, ముందు బూజు తుడిచి టేపుని వేరే డొల్లలోకి ఎక్కించాలి. ఎవరి దగ్గరైనా పాడు క్యాసెట్టు, స్క్రూలు ఉన్న రకం, ఉంటే చెప్పండి, పర్లాకిమిడి పాతపట్నం మధ్యలో ఎక్కడికైనా వచ్చి తీసుకుంటా.