ప్రకాశం బజార్ సందులోని మందుల షాపు: అడిగి మరీ ఇస్తారు

నల్లగొండలో మందుల షాపులకు కొదవ లేదు. ప్రకాశం బజార్ వెనక సందులో ఉన్న ఈ చిన్న షాపుకే నేను పోవడానికి కారణం కౌంటర్‌లో ఉండే ఫార్మసిస్టు. గుండె రక్తనాళంలో స్టెంట్ (నాళం మూసుకుపోకుండా పెట్టే జాలీ గొట్టం) వేసినప్పటి నుంచి మా నాయినకు గుండె గోళీ, అంటే రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్ 75 మిల్లీగ్రాములది, ఇక్కడే తీసుకుంటున్నా.

మొన్న నా ముందున్న తిప్పర్తి పెద్దాయన మోకాళ్ల నొప్పికి ఐబుప్రోఫెన్ అడిగిండు. "గుండె గోళీ వేసుకుంటున్నవా తాతా?" అని ఫార్మసిస్టు అడిగి, అవుననగానే షీటు మళ్లీ డబ్బాలో పెట్టేసిండు. "మీ డాక్టర్‌ను అడిగి రా, గప్పుడు ఇస్త."

డిగ్రీ పిల్లలకు బయోకెమిస్ట్రీ చెప్పేదాన్ని కాబట్టి ఆ ఒక్క ప్రశ్న విలువ నాకు తెలుసు. రక్తనాళం చిట్లిన చోట గోడలోని కొల్లాజెన్ అనే ప్రోటీన్ తగలగానే, రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్ కణం తన పొరలోని కొవ్వునే కోసుకుంటుంది. ఫాస్ఫోలైపేజ్ ఎ2 అనే ఎంజైమ్ ఆ పొరలోంచి అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లాన్ని ఊడదీస్తుంది. దాని మీద కాక్స్-1 అనే ఇంకో ఎంజైమ్ పనిచేస్తే, ఆఖరికి థ్రాంబాక్సేన్ ఎ2 తయారవుతుంది. అరనిమిషంలోనే సగం విరిగిపోయే పదార్థం అది, కానీ ఆలోపే చుట్టుపక్కల ప్లేట్‌లెట్లను గుంపు కట్టిస్తుంది. స్టెంట్‌లో ఆ గుంపే ప్రాణాపాయం. ఆస్పిరిన్ కాక్స్-1కు ఎసిటైల్ అనే చిన్న రసాయన ముక్కను ఊడకుండా అతికిస్తుంది. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు, కొత్త ఎంజైమ్ చేసుకోలేదు. బతికే 7–10 రోజులూ దానికి థ్రాంబాక్సేన్ చేసుకునే దారి బందే. ఎముక మజ్జలోంచి రోజూ కొత్త ప్లేట్‌లెట్లు పుడతాయి కనుక గోళీ కూడా రోజూ పడాలి. ఐబుప్రోఫెన్ ముందే పోయి కాక్స్-1లో అదే చోట కూర్చుంటే ఆస్పిరిన్‌కు సందు దొరకదు. కొన్ని గంటలకు ఐబుప్రోఫెన్ దిగిపోతుంది, అప్పటికి ఆస్పిరిన్ రక్తంలో మిగలదు. ఇంత కథ తాతకు అక్కర్లేదు, అడిగే మనిషి ఉంటే చాలు.

పన్ను పీకించుకోవడానికని ఎవరికి వారే ఆస్పిరిన్ ఆపొద్దని కూడా ఈయన గట్టిగా చెప్తడు. గోళీలు విడిగా అడిగితే ఎక్స్‌పైరీ తేదీ ఉన్న కొస మన చేతికే వచ్చేలా షీటు కత్తిరిస్తడు. బిల్లు అడగకముందే ఇస్తడు.

లోటు ఒకటే. మెట్లు ఎత్తు, పైన కూర్చోవడానికి బల్ల లేదు. సాయంత్రం రద్దీలో ముసలివాళ్లు గోడ పట్టుకుని నిలబడుతున్నరు. యజమాని దయచేసి ఒక బల్ల వేయించాలి. ఆదివారం మధ్యాహ్నం తర్వాత షాపు ఉండదు, ముందే తెచ్చుకోండి.