అమెరికా ఆస్పత్రిలో ఎవరి చేత చెప్పించుకోవాలి: కొడుకా, ఇంటర్‌ప్రెటరా, తెలుగు డాక్టరా?

కడపలో మా వీధి నుంచే ఈ వేసవికి ముగ్గురు అమెరికా పోతున్నారు, బిడ్డల దగ్గరికి. ఊరగాయలు, ఇన్సూరెన్స్ సంగతులు అయ్యాక అందరూ అడిగేది ఒకటే: "అక్కా, అక్కడ ఒంట్లో బాగలేకుంటే డాక్టరుతో ఎట్లా మాట్లాడేది? కొడుకుంటాడు కదా, చాలదా?"

పక్కన కూర్చోవడానికి కొడుకు ఉండాల్సిందే. మన మాట డాక్టరుకు చెప్పే పని మాత్రం ఆస్పత్రి వాళ్ళు పెట్టే ఇంటర్‌ప్రెటర్‌కే వదలండి. ఎందుకో నా సంగతే చెబుతాను.

పోయినేడు న్యూజెర్సీలో ఉన్నప్పుడు మూత్రానికి పోతే మంట. నాలుగు రోజులు మజ్జిగ, సబ్జా నీళ్ళు తాగాను, తగ్గలేదు. క్లినిక్‌కు పోతే డాక్టర్ ఏమైందని అడిగింది. కొడుకు ఎదురుగా ఉన్నాడు, నోరు రాలేదు. "వేడి చేసింది" అన్నాను. మన ఊళ్ళో ఏ ఆడమనిషికైనా ఆ మాట చాలు. వాడు "ఒళ్ళు వేడిగా ఉందంట" అని ఇంగ్లీషులో చెప్పాడు. థర్మామీటర్ పెట్టారు, జ్వరం లేదు, నీళ్ళు బాగా తాగమని పంపేశారు.

మూడో రోజుకు చలిజ్వరం, నడుము నొప్పి. ఈసారి ఇంకో డాక్టర్ వాణ్ణి బయట కూర్చోమని, ఫోన్‌లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ను కలిపింది. ఆడమనిషి గొంతు. నేను మళ్ళీ అదే మాట అన్నాను. ఆమె ఊహించి చెప్పేయలేదు. ఈ మాటకు రెండు మూడు అర్థాలున్నాయి, అడగమంటారా అని డాక్టరుకు చెప్పి, నన్ను అడిగింది: "వేడి ఎక్కడమ్మా? మూత్రంలోనా?" అర నిమిషంలో తేలిపోయింది. ఇన్ఫెక్షన్ అప్పటికే కిడ్నీ దాకా పోయిందన్నారు.

వాడు విన్నది విన్నట్టే చెప్పాడు, వాడి తప్పేం లేదు. తెల్లబట్ట, మలబద్ధకం, రాత్రిళ్ళు ఏడుపు, మగవాళ్ళయితే తాగుడు, ఇవి కన్నబిడ్డల ముందర బయటికి రావు. డాక్టర్ పెద్ద జబ్బు పేరు చెబితే బిడ్డలూ ఆ మాట మింగేసి "ఏం లేదులేమ్మా" అంటారు. నాకైతే అన్నిటికన్నా పెద్ద విషయం ఇదే.

ఇంటర్‌ప్రెటర్‌కు మనం డబ్బు కట్టక్కర్లేదు. ఫెడరల్ నిధులు, అంటే అక్కడి కేంద్ర ప్రభుత్వ డబ్బు, తీసుకునే ఆస్పత్రులు ఉచితంగా ఏర్పాటు చేయాలని అక్కడి చట్టం. 2010 నాటి ఆరోగ్య చట్టంలో 1557వ సెక్షన్ ఇదే. మీ మనిషిని మీరే తెచ్చుకోండి అనకూడదు. చిన్నపిల్లల చేత చెప్పించడం ప్రాణం మీదికొచ్చినప్పుడు తప్ప కుదరదు. ఇబ్బందులూ ఉన్నాయి: లైన్‌లో కాసేపు కాచుకోవాలి, అవతలివాళ్ళకు మన యాస పట్టుబడకపోవచ్చు. "నెత్తి నొస్తాంది" అర్థం కాకుంటే "తలనొప్పి" అనండి.

ఒక్క మాట ఏం చేస్తుందో అక్కడివాళ్ళకు తెలుసు. 1980లో ఫ్లోరిడాలో స్పానిష్ మాట్లాడే ఒక కుటుంబం తమ కుర్రాడు 'ఇంటాక్సికాడో' అంది. తిన్నదేదో పడలేదని వాళ్ళ ఉద్దేశం. ఇంగ్లీషులో మత్తులో ఉన్నాడనే 'ఇంటాక్సికేటెడ్' లాగా వినబడి, డాక్టర్లు మత్తుమందు అనుకున్నారు. మెదడులో రక్తస్రావం కనిపెట్టేసరికి ఆలస్యమై ఆ పిల్లవాడికి కాళ్ళూ చేతులూ పడిపోయాయి.

తెలుగు డాక్టర్ దొరికితే అదృష్టమే. కానీ మీ బిడ్డ ఉన్న ఊళ్ళో ఉండాలి, మీ ఇన్సూరెన్స్ తీసుకోవాలి. అక్కడే పుట్టి పెరిగినవాళ్ళయితే తెలుగు ఇంట్లో మాటల వరకే వచ్చి ఉండొచ్చు. ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ యాప్ మంచినీళ్ళు అడగడానికి సరే, మందుల మోతాదుకు వద్దు.

అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి" అని కొడుకు చేత చెప్పించండి. ఆడమనిషి అయితే మేలనుకుంటే అదీ అడగండి.