ఎండాకాలపు చెరువులో గాలానికి ఏది మేలు: పిండి ముద్దా, వానపామా?

తెలంగాణ చెరువుల్లో 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేప పిల్లలను వదులుతున్నందున, ఊరి చెరువులో గాలం వేసేవారికి ఇప్పుడు ఎక్కువగా తగిలేవి బొచ్చె, రవ్వ, మృగాల, బంగారు తీగ. వానాకాలంలో వదిలిన పిల్లలు మే నెలకు చేతికందే పరిమాణానికి వస్తాయి. అప్పటికి నీరు తగ్గి, తూము దగ్గరి లోతులోకి చేరి, ఆకుపచ్చగా చిక్కబడుతుంది. ఆ నీటిలో పిండి ముద్ద మేలా, వానపాము మేలా అని అడిగేవారికి నా జవాబు ఒక్కటే: ఆ వేళకు ఏ చేపకు ఊపిరి బాగా ఆడుతున్నదో చూసుకొని ఎరను ఎంచుకోవాలి. గాలం వేసే ముందు మత్స్య సహకార సంఘం వారి అనుమతి తీసుకోవడం తప్పనిసరి, ఎందుకంటే ఆ చేపలే వారి జీవనాధారం.

ఊపిరి సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఒక మే నెలలో తెల్లవారుజామున చల్లగా ఉంటుంది కదా అని కట్ట దిగి, ఎనిమిది గంటల దాకా పిండి ముద్దలు మార్చుతూ కూర్చున్నాను. గాలపు దారానికి కట్టిన బెండు ఒక్కసారి కూడా మునగలేదు, కానీ కళ్లెదుటే రవ్వలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరిచి మూస్తున్నాయి. పక్కన వల సర్దుకుంటున్న సంఘం పెద్దమనిషి, "అవి ఊపిరికే తన్నుకుంటున్నయి బిడ్డా, మేతెట్ల ముడుతయి?" అన్నాడు. గాలి నుంచి లీటరు నీరు 20 డిగ్రీల దగ్గర సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టుకోగలిగితే, 30 డిగ్రీల దగ్గర పట్టుకోగలిగేది 7.5 మిల్లీగ్రాములే. పైగా నీటిని పచ్చగా చేసే నాచు పగలు ఆక్సిజన్‌ను ఇచ్చినా, రాత్రంతా అది కూడా పీల్చుకుంటుంది కాబట్టి, పచ్చటి చెరువులో సూర్యోదయానికి ముందు వేళే అన్నిటికంటే గడ్డు వేళ.

అందువల్ల పిండి ముద్దకు సాయంత్రమే సరైన సమయం. ఎండ వాలిన తరువాత, గాలి వీచి అలలు తాకే ఒడ్డున కూర్చుంటే, రవ్వ, బొచ్చె మేతకు తిరుగుతూ కనిపిస్తాయి. పల్లి చెక్కను, అంటే నూనె తీయగా మిగిలిన పిప్పిని దంచి, దోరగా వేయించిన తవుడుతో, గోధుమ పిండితో కలిపి, చపాతీ పిండి కంటే కొంచెం గట్టిగా పిసకాలి. వేడి నీటిలో మెత్తటి ముద్ద తొందరగా జారిపోతుంది. రేగిపండంత ఉండను గాలానికి పట్టిస్తే, దాని అంచు మెల్లగా కరిగి నీటిలో మబ్బులా విచ్చుకుంటుంది, ఆ వాసనకే రవ్వ దగ్గరికి వస్తుంది. రవ్వ లాగినప్పుడు బెండు అదరకుండా ఒక పక్కకు జరిగి మునుగుతుంది. చేపలను రప్పించడానికి చల్లే మేత మాత్రం రెండు పిడికిళ్లకు మించకూడదు, ఎందుకంటే తినగా మిగిలినది కుళ్లి, ఉన్న కొద్దిపాటి ఆక్సిజన్‌ను కూడా హరిస్తుంది. ఈ విషయంలో చాలామంది అజాగ్రత్తగా ఉండటం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

వానపాము బలం వేరు. అడుగున వెతికే బంగారు తీగకు, జెల్లకు అది ఇష్టమైన ఎర. కొర్రమీను కూడా దానిని అందుకుంటుంది. కొర్రమీను నీటి పైకి వచ్చి నేరుగా గాలిని పీల్చగలదు కనుక, రవ్వలు ఉక్కిరిబిక్కిరయ్యే తెల్లవారుజామున కూడా తుంగ మొదళ్ల దగ్గర వేటకు సిద్ధంగా ఉంటుంది. అయితే ఎండాకాలంలో వానపాములు దొరకడమే కష్టం. పెంటకుప్ప అడుగునో, అరటి పాదులోనో తవ్వి, తడి మట్టితో కొబ్బరి చిప్పలో ఉంచి, తడి గోనె కప్పకపోతే పూట గడవకముందే చచ్చిపోతాయి. ఇంకొక ఇబ్బంది, పరకలనే చిన్న చేపలు గుంపుగా వచ్చి కొద్దికొద్దిగా కొరికేస్తాయి. బెండు వణుకుతూనే ఉంటుంది, గాలం ఖాళీగా పైకి వస్తుంది.

ఒక్క ఎరనే తీసుకెళ్లగలిగితే, రవ్వ, బొచ్చె వంటి కార్పు జాతి చేపలు వదిలిన చెరువుకు నేను సాయంత్రం పిండి ముద్దనే తీసుకెళ్తాను. పొద్దున తప్ప వీలు కానివారికి, కొర్రమీను ఉన్న చెరువైతే, వానపామే మేలు. మబ్బు పట్టిన రోజు మరునాడు, లేదా అకాల వాన కురిసి అడుగు నీరు పైకి కలిసిన మరునాడు, చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే ఏ ఎరా వేయకుండా సంఘం వారికి కబురు చేయడం మంచిది. తొలకరి దగ్గరపడే కొద్దీ నీటి పైన ఎర్రటి చిన్న చేప పిల్లల గుంపు, దాని కిందనే కాపలా కాస్తున్న కొర్రమీను కనిపిస్తే, గాలాన్ని వెనక్కి లాగి వేరే ఒడ్డుకు జరగాలి. ఆ ఒక్క చేపను పడితే పిల్లలన్నీ ఇతర చేపల పాలవుతాయి.