సైకియాట్రీ వార్డుకు వెల్క్రో కఫ్ సెట్ కొనేముందు

తనకో ఇతరులకో హాని చేసేలా ఉన్న పేషెంటును మంచానికి కట్టి ఉంచే సెట్ ఇది. మణికట్లకు రెండు, చీలమండలకు రెండు కఫ్‌లు. లోపల ఫోమ్, పైన వెల్క్రో, మంచానికి బిగించడానికి నైలాన్ పట్టీ. సర్జికల్ షాపుల్లో దొరికే మామూలు సెట్టే. ఫోమ్‌కు పేరు పెట్టడానికి లేదు, చర్మం ఒరుసుకుపోకుండా కాస్తుంది. వెల్క్రోతోనే తంటా. కొక్కేల్లో దారాలు, వెంట్రుకలు చేరాయంటే గట్టిగా ఒక్క గుంజు గుంజగానే ఊడొస్తుంది. పాత టూత్‌బ్రష్‌తో దులిపి, మూసి ఉంచి ఉతకాలి. పట్టీకి బకిల్ ఉన్నదే తీసుకోండి. ముడి వేసే రకమైతే ఫిట్స్ వచ్చినప్పుడు విప్పడానికి చేతులాడవు.

పట్టీ మంచం ఫ్రేముకే కట్టాలి. సైడ్ రెయిల్‌కు కడితే, రెయిల్ దించగానే చెయ్యి కూడా లాక్కుపోతుంది. కఫ్ కింద రెండు వేళ్లు దూరాలి. వెల్లకిలా, తల కాస్త ఎత్తులో పడుకోబెట్టాలి. బోర్లా వేసి నొక్కితే ఊపిరాడక ప్రాణమే పోవచ్చు. పావుగంటకోసారి గోళ్ల రంగు, వేళ్ల వెచ్చదనం చూడాలి. హాలోపెరిడాల్ (ఉద్రేకం తగ్గించే మందు) ఇంజెక్షన్ పడిన పేషెంటుకు మెడ ఒక పక్కకు మెలి తిరిగినా, కనుగుడ్లు పైకి పోయినా నాటకమని కొట్టిపారేయొద్దు. అది డిస్టోనియా, అంటే మందు వల్ల కండరాలు బిగుసుకుపోవడం, వెంటనే డాక్టరును పిలవాలి.

ఇక అసలు సంగతి. మగ నర్సును బ్రదర్ అంటారు. వార్డులో ఎవరి గొంతు పెరిగినా "బ్రదర్‌ని పిలవండి" అంటారు. బలం బ్రదర్‌ది, ఓదార్పు సిస్టర్‌ది అని పంచేయడం వల్లే ఈ సెట్ అవసరానికి మించి బయటికొస్తోంది. నలుగురు మగవాళ్లు గుమ్మంలో అడ్డంగా నిలబడితే, భయంతో అరుస్తున్న మనిషి ఇంకా బెదిరిపోతాడు. శాంతపరిచే నేర్పున్న బ్రదర్‌కూ నోరు తెరిచే వీలుండదు, దెబ్బలు మాత్రం అతనికే. భయమేసిందంటే "మగాడివి కాదా" అంటారు, ఇది చాలా అన్యాయం.

మాట్లాడేది ఒక్కరే, అదీ పేషెంటుకు అలవాటైన మనిషి, ఆడైనా మగైనా సరే. రెండు చేతుల దూరంలో, కాస్త పక్కవాటుగా, అరచేతులు కనబడేలా నిలబడాలి. ఇక తప్పనిసరైతేనే ఐదుగురు: కాళ్లకూ చేతులకూ నలుగురు, తల దగ్గర ఒకరు. పేషెంటు స్త్రీ అయితే ఆ తల దగ్గర సిస్టరే ఉండాలి.

2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 97వ సెక్షన్ ప్రకారం స్టాఫ్ చాలరన్న కారణంతో కట్టకూడదు. సైకియాట్రిస్టు అనుమతి ఉండాలి, కేస్‌షీట్లో కారణం, పద్ధతి, ఎంతసేపు కట్టారో రాయాలి, నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌కు (పేషెంటు తరఫున ఉండే ప్రతినిధికి) 24 గంటల్లో చెప్పాలి. నైట్ డ్యూటీకి ఒక్క బ్రదర్‌నే వేసే వార్డులు ఈ సెట్ కొనొద్దు.

విప్పేటప్పుడు ఒక్కో కఫ్ చొప్పున, మధ్యలో ఆగి చూస్తూ విప్పండి. తర్వాత పక్కన కూర్చుని మాట్లాడే పని కూడా బ్రదర్ల డ్యూటీలో రాయండి.