చుట్టాలు వచ్చేలోగా స్నానాల గదికి నిమ్మ ఉప్పు: ఒక సమీక్ష

షర్బత్తుల్లోనూ జాముల్లోనూ పులుపు కోసం వేసే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లపు పొడి, కిరాణా కొట్లలోనూ బేకరీ సరుకులమ్మే దుకాణాల్లోనూ చిన్న పొట్లాలుగా చౌకగా దొరుకుతుంది. స్నానాల గదిని తోమడానికి అది ఎంతవరకు పనికొస్తుందో, అందులోనూ చుట్టాలు బయల్దేరామని ఫోను చేశాక మనకు మిగిలే ముప్పావుగంటలో ఏ మేరకు ఆదుకుంటుందో చెప్పడమే ఈ సమీక్ష ఉద్దేశం.

బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో రోజూ కడిగే స్నానాల గది కూడా మాసినట్టు కనిపించడానికి ముఖ్య కారణం ఉప్పు మరకలు. తాగునీటికి వర్తించే భారతీయ ప్రమాణం ఐఎస్ 10500, 2012 ప్రకారం కాఠిన్యం, అంటే నీటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీళ్ళు దొరకనప్పుడు 600 వరకు సరిపెట్టుకోవచ్చు. ఆ పై హద్దును కూడా దాటే బోర్లు మనకు కొత్త కాదు. అలాంటి నీటి చుక్క కుళాయి మీద ఆరిపోతే అందులోని కాల్షియం కార్బొనేటుగా మారి తెల్లటి పొరలా మిగులుతుంది, అదే కాల్షియం సబ్బుతో కలిసి బకెట్టు లోపలా టైల్స్ మీదా జిడ్డుగా పేరుకుంటుంది. బట్టల సబ్బుపొడితో ఎంత రుద్దినా ఈ పొర కదలదు, ఎందుకంటే దాన్ని కరిగించడానికి ఆమ్లం కావాలి.

అర లీటరు గోరువెచ్చని నీళ్ళలో రెండు పెద్ద చెంచాల పొడి కలిపి, స్ప్రే సీసాలో పోసి, ముందుగా కుళాయిలు, షవరు, బకెట్టు, మగ్గు, వాష్ బేసిన్ తడిసేలా కొట్టి పది నిమిషాలు వదిలేయాలి. కుళాయి చుట్టూ అదే నీళ్ళలో తడిపిన పాత గుడ్డను చుడితే ద్రావణం జారిపోకుండా పట్టి ఉంటుంది. ఈలోగా తలుపు వెనక వేలాడే తడిబట్టలు, ఖాళీ షాంపూ సీసాలు తీసేసి, చెత్తబుట్ట ఖాళీ చేసి, ఉతికిన తువ్వాలు, కొత్త సబ్బు పెట్టుకోవచ్చు. తర్వాత స్పాంజితో రుద్ది, కడిగి, తప్పకుండా పొడిగుడ్డతో తుడవాలి. కడిగిన నీళ్ళూ బోరు నీళ్ళే గనుక, తుడవకుండా వదిలేస్తే అద్దం మీద మళ్ళీ అవే చుక్కలు తేలతాయి.

ఫలితం కుళాయిల మీద అన్నిటికన్నా బాగుంటుంది, ఆ తర్వాత ప్లాస్టిక్ బకెట్టు మీద. టైల్స్ సందుల్లోని నల్లటి బూజును ఇది పోగొట్టలేదు, కమోడులో ఏళ్ళ తరబడి గట్టిపడిన పసుపు గారను ఆ కాస్త సమయంలో కరిగించడం కూడా దీని వల్ల కాదు. అక్కడ దుకాణంలో కొనే టాయిలెట్ క్లీనరే మేలని ఒప్పుకోవాలి.

నేల విషయంలో మాత్రం నా అభిప్రాయం కఠినం: తాండూరు బండలు, షాబాదు రాయి, కడప రాయి, పాలరాయి పరిచిన గదిలో దీన్ని నేల మీద పడనివ్వకూడదు. ఇవన్నీ ప్రధానంగా కాల్షియం కార్బొనేటే కాబట్టి, మరకను కరిగించే ఆమ్లం రాయి మెరుపునూ అదే తీరున తినేస్తుంది, ఆ మచ్చ పాలిష్ పట్టిస్తే తప్ప పోదు. సిరామిక్ టైల్స్‌కు ఆ భయం లేదు గాని, వాటి మధ్య సిమెంటు కూడా ఆమ్లానికి లొంగేదే గనుక వెంటనే కడిగేయడం మంచిది.

కళ్ళు మండించే పొగలతో కుళాయిల క్రోమ్ పూతను పాడుచేసే బాత్రూం యాసిడ్‌తో పోలిస్తే, ఇది చుట్టాలు గుమ్మంలో ఉన్నప్పుడు కూడా వాడదగ్గది, ఇంట్లో ఘాటు వాసన మిగలదు. అయినా బ్లీచింగ్ పౌడరు చల్లిన చోట దీన్ని ఎంతమాత్రం వాడకూడదు, రెండూ కలిస్తే విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది.

చూడ్డానికి పంచదారలా ఉంటుంది కాబట్టి పొడి డబ్బా మీద పేరు రాసి, తడి తగలకుండా, పిల్లలకు అందకుండా ఉంచాలి. కలిపిన నీళ్ళు నిల్వ ఉంటే కొన్నాళ్ళకు బూజు పడుతుంది గనుక, ఏ రోజుకారోజు కావలసినంతే కలుపుకోవాలి.